కదలకపోతే నష్టం లేదు, ఆగకపోతేనే

పాత స్పోర్ట్స్ కారు బ్రేకులను ఇంటి దగ్గరే బాగుచేసుకోవచ్చు. సగం పని చేసి వదిలేయడం కంటే మాత్రం ముట్టుకోకపోవడమే నయం

పాత కారు కొన్నవాళ్ల కన్ను మొదట రంగు మీద పడుతుంది. తర్వాత సీట్లు, ఆ తర్వాత ఇంజన్ శబ్దం. బ్రేకుల వంతు వచ్చేసరికి డబ్బూ ఓపికా రెండూ అడుగంటుతాయి. పెడల్ తొక్కితే కారు ఆగుతోంది కదా, ఈ ఏడాదికి చాలులే అనిపిస్తుంది. కానీ ఇంజన్ పనిలో పొరపాటు జరిగితే కారు కదలదు. బ్రేకు పనిలో పొరపాటు జరిగితే కారు ఆగదు. మొదటిదానితో పోయేది ఒక ఆదివారం. రెండోదానితో పోయేది ప్రాణం. అది కారు యజమాని ప్రాణమే కావాలని కూడా లేదు.

అలాగని ఇదేమీ ఇంట్లో చేతకాని బ్రహ్మవిద్య కాదు. 1960ల నాటి కార్లలో కంప్యూటర్లు లేవు, సెన్సార్లు లేవు. ఒక పెడల్, కొన్ని సిలిండర్లు, సన్నని గొట్టాలు, రబ్బరు సీళ్లు, వాటి నిండా ఒక ద్రవం. అంతే సరంజామా. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌నే తీసుకుంటే, 1962 నుంచి 1980 దాకా బ్రిటన్‌లోని కోవెంట్రీలో 3 లక్షలకు పైగా తయారైన ఈ రెండు సీట్ల బుల్లి కారు ఇంటి మెకానిక్కుల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ముందు భాగం మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు వంగుతుంది. టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు.

స్పిట్‌ఫైర్ భారతీయులకు పూర్తిగా పరాయిది కాదు. ఇటలీ డిజైనర్ జియోవానీ మిచెలొట్టి రూపమిచ్చిన ఈ కారుకు మూలం ట్రయంఫ్ హెరాల్డ్. దాని ఛాసిస్‌నే కుదించి, దాని ఇంజన్‌నే మెరుగుపరచి స్పిట్‌ఫైర్ తయారుచేశారు. అదే హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారై మన రోడ్ల మీద తిరిగింది. స్పిట్‌ఫైర్ బ్రేకులు గర్లింగ్ కంపెనీవి. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఆ గర్లింగ్ పేరు కూడా మనకు కొత్త కాదు. టీవీఎస్ గ్రూపుతో కలిసి 1962లో మద్రాసు పాడిలో బ్రేక్స్ ఇండియా మొదలైంది. టీవీఎస్ గర్లింగ్ అన్న పేరు తెలియని స్పేర్ పార్టుల దుకాణం మన దగ్గర అరుదు.

ఒకే దారి, నాలుగు చక్రాలు

మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందన్నది 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన సూత్రం. కార్లలో దాన్ని వాడుకలోకి తెచ్చినవాడు అమెరికాకు చెందిన మాల్కం లాక్‌హీడ్. విమానాల లాక్‌హీడ్ కంపెనీ అలన్ లాక్‌హీడ్‌కు ఈయన అన్న. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో బయటికొచ్చింది. అంతకుముందు కడ్డీలూ తీగలూ లాగే పనిని ఆ తర్వాత ద్రవం చేయసాగింది.

ఆ ద్రవం మోసే భారం ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. డ్రైవరు పెడల్‌ను 40 కిలోల బలంతో తొక్కాడనుకుందాం. పెడల్ కాడ పొడవు వల్ల అది 5 రెట్లయితే మాస్టర్ సిలిండర్ మీద పడేది 200 కిలోలు. లోపలి పిస్టన్ వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లయితే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 100 కిలోల ఒత్తిడి. కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 2 కిలోలు. అంటే టైరులో ఉండేదానికి 50 రెట్లు. దాన్ని బయటికి పోకుండా ఆపుతున్నది వేలి ఉంగరమంత రబ్బరు సీలు.

ఇక్కడే పాత కార్లకూ కొత్త కార్లకూ పెద్ద తేడా. కొత్త కార్లలో బ్రేకు గొట్టాలు రెండు వేర్వేరు దారులుగా ఉంటాయి. ఒకటి పోయినా రెండోది కారును ఆపుతుంది. 1968 జనవరి 1 నుంచి తయారయ్యే కార్లకు అమెరికా ఈ ఏర్పాటును తప్పనిసరి చేసింది. అక్కడికి పంపే స్పిట్‌ఫైర్లకు రెండు దారుల మాస్టర్ సిలిండర్ వచ్చింది. బ్రిటన్‌లో అమ్మినవి మాత్రం ఆ తర్వాత కూడా కొన్నేళ్లపాటు ఒకే దారితో నడిచాయి. ఒకే దారి ఉన్న కారులో వెనక చక్రం దగ్గర ఒక్క సీలు తెగినా, ఒక్క హోసు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. మిగిలేది తీగ లాగే హ్యాండ్‌బ్రేకు ఒక్కటే. అది పనిచేసేది వెనక చక్రాల మీద మాత్రమే.

ఆయిల్ కాని ఆయిల్

మన మెకానిక్ షెడ్లలో దీన్ని బ్రేకు ఆయిల్ అంటారు. అసలు చిక్కు ఈ పేరుతోనే మొదలవుతుంది. అది ఆయిల్ కాదు. గ్లైకాల్ జాతి రసాయనాలతో చేసిన ద్రవం. బ్రేకు సీళ్ల రబ్బరును ఆ ద్రవానికి తట్టుకునేలా తయారుచేస్తారు. అందులో ఇంజన్ ఆయిల్ కాస్త పడినా రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. విప్పిన భాగాలను కిరోసిన్‌తోనో, డీజిల్‌తోనో, పెట్రోలుతోనో కడగడం మన దగ్గర చేయి తిరిగిన అలవాటు. ఇంజన్ భాగాలకు అది సరిపోతుంది. బ్రేకు భాగాలకు మాత్రం విషం. వాటిని కొత్త బ్రేకు ద్రవంతో గానీ, మిథిలేటెడ్ స్పిరిట్‌తో గానీ, బ్రేకుల కోసమే అమ్మే క్లీనర్‌తో గానీ కడగాలి. పొరపాటున ఆయిల్ పడితే ద్రవం మార్చితే సరిపోదు. రబ్బరన్నదల్లా మార్చాల్సిందే.

రెండో చిక్కు నీళ్లు. గ్లైకాల్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డబ్బా మూత గట్టిగా పెట్టినా, కారు షెడ్డులోనే ఉన్నా, ఏళ్ల తరబడి హోసుల గుండా తేమ లోపలికి చేరుతూనే ఉంటుంది. కొత్త డాట్ 4 ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డిస్కులు కాగి, ఆ వేడి సిలిండర్లకు పాకితే ద్రవంలోని నీరు ఆవిరవుతుంది. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పెడల్ మెత్తగా నేలకు ఆనుతుంది. పొద్దున్నే ఊళ్లో తిప్పి చూసినప్పుడు గట్టిగా ఉన్న పెడల్, మధ్యాహ్నం కొండ దిగేటప్పుడు మోసం చేయడానికి కారణం ఇదే.

అందుకే కొందరు యజమానులు సిలికాన్ రకమైన డాట్ 5 వైపు మొగ్గుతారు. అది తేమను పీల్చదు. కారు రంగును తినేయదు. గ్లైకాల్ ద్రవం ఒక్క చుక్క పడితే పెయింటు లేచిపోతుంది కాబట్టి ఇది చిన్న సుగుణమేమీ కాదు. కానీ సిలికాన్‌లోకి నీళ్లు చేరితే కలవకుండా అడుగున నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తాయి. సన్నని బుడగలు పట్టి ఉంటే గాలి తీయడం కష్టం. అన్నిటికంటే ముఖ్యం, గ్లైకాల్‌తో దాన్ని కలపకూడదు. డాట్ 5.1 అని ఉన్నది మళ్లీ గ్లైకాల్ రకమే. ఒక్క అంకె తేడాతో పూర్తిగా వేరే ద్రవం. కొన్నవాళ్లు డబ్బా మీది అక్షరాలు రెండుసార్లు చదవాలి.

నిలబడితేనే చెడేది

రోజూ తిరిగే కారు కంటే ఏడాదికి రెండుసార్లు ర్యాలీకి వెళ్లే కారు బ్రేకులే ముందు పాడవుతాయి. కదలని పిస్టన్ చుట్టూ తేమ నిలిచి తుప్పు మొదలవుతుంది. మాస్టర్ సిలిండర్ లోపలి గోడ మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. ముందు కాలిపర్ పిస్టన్ల మీది క్రోమియం పూత పెచ్చులూడుతుంది. స్పిట్‌ఫైర్ వెనక డ్రమ్ములో ఉండే ఒక్కగానొక్క సిలిండర్ ప్లేటు మీద అటూ ఇటూ జరిగేలా అమర్చి ఉంటుంది. అది తుప్పుతో బిగుసుకుంటే రెండు షూల్లో ఒకటే పనిచేస్తుంది.

హోసు మోసం వేరు. పైకి నల్లగా నిగనిగలాడుతున్నా లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోతుంది. పెడల్ తొక్కినప్పుడు ద్రవం ఎలాగోలా చక్రం దాకా వెళ్తుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. ఆ చక్రం బ్రేకు పట్టే ఉండి వేడెక్కుతుంది. కాలిపర్ పట్టేసిందనుకుని కాలిపర్ మార్చినవాళ్లకు మర్నాడు మళ్లీ అదే కథ.

ఇంటి మెకానిక్కు చేసే అతి పెద్ద తప్పు కారుతున్న ఒక్క సిలిండర్‌ను మార్చి ఊరుకోవడం. చెరువు కట్టకు పడిన గండిని పూడిస్తే నీళ్లు తర్వాతి బలహీనమైన చోటును వెతుక్కుంటాయని ప్రతి రైతుకూ తెలుసు. బ్రేకులోనూ అంతే. కొత్త మాస్టర్ సిలిండర్ పూర్తి ఒత్తిడి పుట్టించగానే, అన్నేళ్లూ తక్కువ ఒత్తిడితో నెట్టుకొచ్చిన పాత హోసో, పాత వీల్ సిలిండరో చేతులెత్తేస్తుంది. కాబట్టి పని మొదలుపెడితే మాస్టర్ సిలిండర్, కాలిపర్లు, వీల్ సిలిండర్లు, హోసులు, ద్రవం అన్నీ ఒకేసారి. అన్నిటికీ డబ్బు లేకపోతే, కూడేదాకా కారును షెడ్డులోనే ఉంచడం మేలు.

పని వరస

ముందు కారును ఎత్తాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇటుకలు పేర్చి కింద దూరేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. చదునైన నేల మీద ఉక్కు స్టాండులు పెట్టి, కదిపి చూసి, అప్పుడే కింద చేయి పెట్టాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ములోని పొడిని నోటితోనో, గాలి పంపుతోనో ఊదకూడదు. తడిబట్టతో తుడిచి, ఆ బట్టను కవర్లో కట్టి పారేయాలి.

కాలిపర్ పిస్టన్లు బిగుసుకుని ఉంటే వాటిని బయటికి నెట్టడానికి కారు పెడల్‌నే వాడుకోవచ్చు. గొట్టాలు విప్పకముందే ఆ పని చేస్తే సరి. విప్పిన తర్వాత గాలి కంప్రెసర్‌తో నెట్టేవాళ్లు ఎదురుగా చెక్కముక్క పెట్టి, వేళ్లను దూరంగా ఉంచాలి. పిస్టన్ తుపాకీ గుండులా వస్తుంది. రెండు సగాలను కలిపి బిగించిన కాలిపర్‌ను మధ్యకు విప్పడం వద్దు. సీళ్లు మార్చడానికి దాని అవసరం లేదు.

సిలిండర్ లోపలి గోడను వెలుతురులో పెట్టి చూడాలి. గోరుతో గీస్తే గుంట తగిలిందంటే రబ్బరు కిట్ వేసి లాభం లేదు. కొత్త సీలును ఆ గుంట అంచు కొన్నాళ్లలోనే కోసేస్తుంది. అప్పుడు ఉన్న దారులు రెండే. కొత్త సిలిండర్ కొనడం, లేదా లేత్ పని బాగా తెలిసినవాళ్ల చేత లోపల స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు వేయించడం. ఎమెరీ కాగితంతో రుద్ది నునుపు చేశామని సంబరపడితే సిలిండర్ కొలత పెరిగిపోతుంది. పాత స్టాకు భాగాలు డబ్బా విప్పనివే దొరికినా లోపలి రబ్బరు వయసు కూడా డబ్బా వయసే. లోహాన్ని వాడుకుని రబ్బరును మార్చాలి.

సీలు అమర్చేటప్పుడు దాని పెదవి ఏ వైపు ఉందో చూసి విప్పడం, అదే వైపు పెట్టడం ముఖ్యం. పెదవి ఎప్పుడూ ఒత్తిడి వచ్చే వైపుకే తెరుచుకోవాలి. తిరగేసి పెడితే ఆపాల్సిన ద్రవాన్ని అదే దగ్గరుండి సాగనంపుతుంది. మామూలు గ్రీజు వాడకూడదు. రబ్బరు భాగాల కోసం అమ్మే ఎర్ర గ్రీజు గానీ, వేయబోయే ద్రవం గానీ రాసి నెమ్మదిగా నెట్టాలి.

ఉక్కు గొట్టాలు పొరలుగా తుప్పు పట్టి ఉంటే రాగి, నికెల్ కలిపిన లోహపు గొట్టాలు మేలు. తుప్పు పట్టవు, చేత్తో వంగుతాయి. వట్టి రాగి మాత్రం అదురుకు గట్టిపడి చిట్లే గుణమున్నది. గొట్టం చివరను వెడల్పు చేసే ఫ్లేరు ఆకారం అది కూర్చునే చోటికి సరిగ్గా సరిపోవాలి. సరిపోకపోతే ఎంత బిగించినా ఊరుతుంది, ఎక్కువ బిగిస్తే చిట్లుతుంది. ఈ పనిముట్టు చేతికి అలవాటయ్యేదాకా పనికిరాని ముక్కల మీద పది ఫ్లేర్లు చేసి చూసుకోవడం మంచిది. పాత గొట్టాల నట్లను మామూలు పానాతో తిప్పితే మూలలు అరిగిపోతాయి. చుట్టూ పట్టే బ్రేకు పానా కొనడం దండగ కాదు.

ఎయిర్ తీయడం

చివరి ఘట్టం లోపలి గాలిని తీయడం. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర. ముందుగా వెనక డ్రమ్ముల అడ్జస్టర్లను షూ తగిలేదాకా బిగించాలి. లేకపోతే పెడల్ ఊరికే లోతుకు పోతుంది. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరి చక్రానికి రావడం మామూలు పద్ధతి. కుడి చేతి స్టీరింగ్ కారులో అది ఎడమ వెనక చక్రం. నిపుల్‌కు స్వచ్ఛమైన ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం ద్రవం పోసిన సీసాలో ముంచాలి. నిపుల్ వదులు చేయగానే పెడల్ కిందికి, బిగించాకే పెడల్ పైకి. ఆ మధ్యలో పైడబ్బాలో ద్రవం అడుగంటితే గాలి మళ్లీ లోపలికి పోయి కథ మొదటికొస్తుంది. బయటికొచ్చిన ద్రవాన్ని తిరిగి పోయకూడదు. దాన్ని కాలువలో పారబోయకూడదు కూడా.

పాత మాస్టర్ సిలిండర్‌ను అలాగే ఉంచి ద్రవం ఒక్కటే మార్చేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎయిర్ తీసేటప్పుడు పెడల్‌ను నేల దాకా తొక్కితే, మామూలుగా పిస్టన్ చేరని తుప్పు గోడ మీదికి సీలు వెళ్లి చీలిపోతుంది. పెడల్ కింద ఒక చెక్కముక్క పెడితే ఆ బెడద ఉండదు.

పని అయ్యాక పెడల్‌ను బలంగా తొక్కి ఒక నిమిషం పట్టి ఉంచాలి. అంగుళం అంగుళం దిగిపోతుంటే ఎక్కడో కారుతున్నట్టు, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే సీలు ఒత్తిడిని వదిలేస్తున్నట్టు. స్పాంజిలా ఉంటే గాలి మిగిలినట్టు. ప్రతి జాయింటు కింద కాగితం పరిచి రాత్రంతా ఉంచితే పొద్దున్నే మరక నిజం చెబుతుంది. అదీ బాగుంటే ఆవరణలో మనిషి నడిచే వేగంతో నాలుగుసార్లు, తర్వాత ఖాళీ రోడ్డు మీద, హ్యాండ్‌బ్రేకు పక్కాగా ఉందని చూసుకుని మాత్రమే.

అడిగేవాళ్లు లేని పరీక్ష

ఇంత జాగ్రత్త ఎవరి కోసం? బ్రిటన్‌లో 2018 మే 20 నుంచి, 40 ఏళ్లు దాటి పెద్దగా మార్పులు చేయని కార్లకు ఏటా చేయించాల్సిన ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాకుండా పోయింది. స్పిట్‌ఫైర్లు అన్నీ ఇప్పుడు ఆ వయసు దాటినవే. వాటి బ్రేకులు ఎలా ఉన్నాయో చట్టప్రకారం ఏటా అడిగేవారు లేరు. అయినా కారు రోడ్డు మీదికి వచ్చేంత బాగుండాలన్న బాధ్యత యజమాని నెత్తినే ఉంది. భారత్‌లో 2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. 20,000 రూపాయల రుసుము, నంబరులో వీఏ అక్షరాలు, ప్రదర్శనలూ ర్యాలీల వంటి వాటికే అనుమతి. రోడ్డు మీద తిరిగే రోజులు తగ్గితే బ్రేకులు నిలబడి ఉండే రోజులు పెరుగుతాయి. నిలబడి ఉండటం బ్రేకుకు మంచిది కాదని ముందే చూశాం.

ఇంటి మెకానిక్కుకు వర్క్‌షాపు మెకానిక్కు కంటే నైపుణ్యం తక్కువ కావచ్చు. ఒక విషయంలో మాత్రం అతనిదే పైచేయి. అతనికి గంటల లెక్క లేదు. సాయంత్రానికి కారు అప్పగించాల్సిన పని లేదు. ఒక సీలు నచ్చకపోతే విప్పి మళ్లీ పెట్టొచ్చు. ఒక భాగం రాకపోతే నెల రోజులు ఆగొచ్చు. ఆ తీరికను వాడుకున్నవాడికి బ్రేకు పని ఇంట్లో చేయగలిగిందే. వచ్చే ఆదివారం ర్యాలీ ఉందని శనివారం రాత్రి తొందరపడేవాడికి మాత్రం కాదు. ఏ సీలు ఎప్పుడు వేశారో, ద్రవం ఏ రకమో, ఏ తేదీన మార్చారో రాసిన చిన్న పుస్తకం కారు డ్యాష్‌బోర్డు అరలో ఉండాలి. ద్రవాన్ని రెండేళ్లకొకసారి మార్చాలన్న నియమం ఆ పుస్తకం మొదటి పేజీలో ఉంటే, అది పాలిష్ చేసిన బోనెట్ కంటే ఎక్కువ విలువ చేస్తుంది.